గిటార్ శ్రుతి నిలవాలంటే తీగలను ఎలా చూసుకోవాలి

రాత్రి చక్కగా శ్రుతి చేసి పెట్టిన గిటార్, పొద్దున తీసి మీటితే అపస్వరం పలుకుతుంది. అప్పుడు ఎవరైనా ముందు అనుమానించేది తీగలను బిగించే కీలనే. నేనూ అంతే. విశాఖపట్నంలో గిటార్ నేర్చుకుంటున్న కొత్తలో, కీలు జారిపోతున్నాయని తేల్చేసి ఆరింటినీ పీకించి కొత్తవి వేయించాను. వారం తిరక్కుండానే మళ్లీ అదే గోల. తప్పు కీలది కాదు, నేను తీగ చుట్టిన తీరుది. ఒకదాని మీద ఒకటి ఎక్కేసిన ఏడెనిమిది చుట్లు, వాయించినప్పుడల్లా కొంచెం కొంచెం సర్దుకుంటూ తీగను వదులు చేస్తున్నాయి. ఆ సంగతి తెలిసేసరికి డబ్బు ఖర్చయిపోయింది.

వీణ తెలిసినవాళ్లకు ఈ అనుమానం రావడం సహజమే. వీణ బిరడా నిజంగానే జారుతుంది. అది రంధ్రంలో బిగుతు మీద నిలబడే కర్ర మేకు. గిటార్ కీ కథ వేరు. అందులో మరలాంటి ఇరుసు ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మీరు కీని 14 సార్లు తిప్పితే, తీగ చుట్టుకునే స్తంభం ఒక్కసారి తిరుగుతుంది. కొన్నిటిలో 18 సార్లు. మీరు తిప్పితే స్తంభం తిరుగుతుంది కానీ, తీగ ఎంత లాగినా ఆ మర వెనక్కి తిరగదు. అందుకని శ్రుతి పోయినప్పుడు కీని కాక మిగతా చోట్లను వెతకడం నేర్చుకోవాలి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా స్టీల్ తీగల అకౌస్టిక్ గిటార్ గురించి. మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉండేది అదే.

తీగల టెన్షన్ (లాగుడు) ఎంత ఉంటుంది?

షాపులో "12 సెట్" అని అడిగితే ఇచ్చే లైట్ సెట్‌లో ఒకటో తీగ మందం అంగుళంలో వెయ్యో వంతులు 12, ఆరో తీగది 53. మామూలు శ్రుతిలో ఈ ఆరూ కలిసి దాదాపు 73 కిలోల బరువుతో మెడను, బ్రిడ్జ్‌ను (పైచెక్క మీద తీగలు బిగించే చెక్క ముక్కను) లాగుతుంటాయి. ఒక పెద్దమనిషి రాత్రింబవళ్లు మీ గిటార్‌ను పట్టుకుని వేలాడుతున్నాడనుకోండి. వెంట్రుకలా కనిపించే ఒకటో తీగ ఒక్కటే పదిన్నర కిలోలు లాగుతుంది. 10 సెట్ అయితే మొత్తం 60 కిలోల దగ్గర ఉంటుంది. వేళ్లకు సుఖం, శబ్దం కాస్త పలచన. నేర్చుకునేవాళ్లు 10తో గానీ 11తో గానీ మొదలుపెట్టడమే మేలు. "12 వేస్తేనే వేళ్లు గట్టిపడతాయి" అనే మాటను నేను నమ్మను. వేళ్లు గట్టిపడేలోపే చాలామంది గిటార్‌ను అటక ఎక్కించేస్తారు.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. శ్రుతిని అర స్వరం (ఒక ఫ్రెట్, అంటే మెడ మీది ఒక మెట్టు అంత) పెంచితే తీగ కంపనం 6 శాతం పెరుగుతుంది, టెన్షన్ మాత్రం 12 శాతం పెరుగుతుంది. పూర్తి స్వరం పెంచితే 26 శాతం. పాడేవాళ్ల గొంతు కోసం ఆరు తీగలనూ అర స్వరం పైకి లాగితే, 12 సెట్ మీద తొమ్మిది కిలోల అదనపు బరువు పడుతుంది. ఆ పని క్యాపోతో (మెడకు బిగించి తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే క్లిప్పుతో) చేసుకోండి. క్యాపోను రెండు ఫ్రెట్ల నడుమ కాకుండా ఫ్రెట్‌కు ఆనుకుని వెనకాలే పెడితే తీగలు అనవసరంగా శ్రుతి పెరగవు.

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మీ ఇంట్లో ఉంటే దానికి ఎప్పుడూ స్టీల్ తీగలు వేయకండి. నైలాన్ సెట్ మొత్తం లాగేది 40 కిలోల లోపే. ఆ గిటార్ పైచెక్కను అంత బరువుకే తయారుచేస్తారు. స్టీల్ వేస్తే బ్రిడ్జ్ అతుకు ఊడి పైకి లేస్తుంది. ఒక్కోసారి పైచెక్కనూ చీల్చుకుని వస్తుంది. గుర్తుపట్టడం తేలిక: బ్రిడ్జ్ దగ్గర పిన్నులు లేకుండా తీగలను ముడి వేసి ఉంటే అది నైలాన్ గిటార్.

తీగలు మార్చడం

కొత్త సెట్, ట్యూనర్, కటింగ్ ప్లయర్, కీలు గబగబా తిప్పే స్ట్రింగ్ వైండర్, పాత బనియన్ గుడ్డ, ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. గిటార్‌ను మంచం మీద పడుకోబెట్టి, మెడ కింద మడత పెట్టిన తువ్వాలు పెట్టండి.

పాత తీగను బిగుతుగా ఉండగానే కత్తిరించకండి. పదిన్నర కిలోల బిగువు ఒక్కసారిగా తెగితే మొహం మీదికి కొడుతుంది. కీని తిప్పి తీగ వేలాడేంత వదులు చేశాక కత్తిరించండి. ఆరూ ఒకేసారి తీసేయవచ్చా అని చాలామంది అడుగుతారు. ఫ్రెట్ బోర్డు తుడవాలంటే తీసేయవచ్చు. ఒక గంట తీగలు లేకపోయినంత మాత్రాన మెడ వంకరపోదు. రోజుల తరబడి అలా వదిలేయడమే తప్పు. తుడిచే పని లేకపోతే ఒక్కొక్కటి తీసి వేసుకుంటూ పోవడం సుఖం. మెడ మీద బరువు పెద్దగా మారదు కాబట్టి కొత్త తీగలు త్వరగా స్థిరపడతాయి.

బ్రిడ్జ్ పిన్ ఇరుక్కుంటే ప్లయర్‌తో పీకవద్దు, తల విరుగుతుంది. వదులైన తీగను రంధ్రంలోకి కొంచెం కిందికి నెట్టండి. తీగ కొసన ఉండే గుండు కింద విడిపోయి, చాలాసార్లు పిన్ దానంతటదే వదులవుతుంది. అప్పటికీ రాకపోతే సౌండ్ హోల్‌లోంచి చేయి పెట్టి, రూపాయి బిళ్ల అంచుతో పిన్ అడుగును పైకి నెట్టండి.

కొత్త తీగ గుండును రంధ్రంలోకి దించి, పిన్ గాడి తీగ వైపు ఉండేలా పిన్ను పెట్టండి. గట్టిగా నొక్కేయకుండా, ఒక వేలితో పిన్ను పట్టుకుని రెండో చేత్తో తీగను పైకి లాగండి. గుండు వచ్చి లోపలి చెక్కకు తగిలి ఆగినట్టు చేతికి తెలుస్తుంది. ఇదొక్కటీ జాగ్రత్తగా చూసుకోండి. గుండు చెక్కకు కాకుండా పిన్ కొనకు ఆనుకుని ఉంటే, బిగించేటప్పుడు పిన్ టప్పున ఎగురుతుంది. నాదొకటి అలా ఎగిరి బీరువా కిందికి పోయింది. దీపావళికి ఇల్లు దులిపినప్పుడు గానీ దొరకలేదు.

ఇప్పుడు పైన చుట్టడం. నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. తీగను స్తంభం రంధ్రంలోంచి తీసి బిగుతుగా లాగి, తర్వాత 5 సెంటీమీటర్లు వెనక్కి వదలండి. పిన్ను దగ్గర గుండు కదలకుండా చూసుకోండి. రంధ్రానికి అవతల మిగిలిన తీగను వంచి, కీ తిప్పడం మొదలుపెట్టండి. తీగ స్తంభాన్ని హెడ్‌స్టాక్ (కీలు ఉండే తల భాగం) లోపలి వైపు నుంచి తాకాలి. మొదటి చుట్టు కింద మరొకటి, దాని కింద మరొకటి పడాలి. ఏదీ ఇంకోదాని మీదికి ఎక్కకూడదు. లావు తీగలకు రెండు మూడు చుట్లు, సన్న తీగలకు మూడు నాలుగు చాలు. ఎక్కువ చుడితే గట్టిగా ఉంటుందనేది భ్రమ. ప్రతి అదనపు చుట్టూ రేపు సర్దుకోబోయే వదులే. ఎడమచేతి చూపుడు వేలితో తీగను నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర కొంచెం పైకి లాగి పట్టుకుంటే చుట్లు వరసగా పడతాయి.

మిగిలిన కొసను శ్రుతికి వచ్చాకే కత్తిరించండి, నాలుగైదు మిల్లీమీటర్లు వదలండి. లావు తీగల మీద కంచు చుట్టు ఉంటుంది. ముందు తీగను మడిచి, ఆ మడతకు అవతలే కత్తిరించాలి. మడవకుండా కోస్తే చుట్టు విడిపోయి తీగ గుడగుడమంటుంది. ఆ సెట్ డబ్బు బూడిదలో పోసినట్టే.

ఆరూ వేశాక సాగదీయడం మరచిపోకండి. శ్రుతి చేసి, 12వ ఫ్రెట్ దగ్గర తీగను రెండు వేళ్లతో పట్టుకుని ఒక సెంటీమీటరు పైకి నెమ్మదిగా లాగి వదలండి. శ్రుతి దిగిపోతుంది. మళ్లీ చేయండి, మళ్లీ లాగండి. నాలుగైదు సార్లయ్యాక దిగడం ఆగిపోతుంది. స్టీల్ తీగ నిజంగా సాగేది తక్కువ. ఈ లాగుడుతో బిగిసేది చుట్లు, లోపల గుండు కూర్చునే చోటు. కొత్త తీగలు రెండు రోజులు శ్రుతి నిలవవు అనేవాళ్లు ఈ పది నిమిషాల పని ఎగ్గొట్టినవాళ్లే. నైలాన్ మాత్రం నిజంగా సాగుతుంది. దానికి నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి.

శ్రుతి కింది నుంచి పైకి రావాలి

ఆరో తీగ ఇ, 82.4 హెర్ట్జ్. అక్కడి నుంచి ఏ 110, డి 146.8, జి 196, బి 246.9, ఒకటో తీగ మళ్లీ ఇ, 329.6. ట్యూనర్‌లో ప్రమాణం ఏ 440 అని ఉందో లేదో ఒకసారి చూడండి. పొరపాటున ఏ బటనో నొక్కుడుపడి 442కో 438కో మారి ఉంటే మీ గిటార్ ఒక్కటే బాగుంటుంది, పక్కవాళ్లతో కలవదు.

తీగ శ్రుతి ఎక్కువైతే కావలసిన చోటికి దించి ఆపేయకండి. ఇంకా కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి ఆపండి. దించి ఆపితే కీ లోపలి పళ్ల మధ్య కొంచెం సందు మిగులుతుంది, నట్ గాడిలో కొంత తీగ ఇరుక్కుని ఉంటుంది. రెండు మూడు సార్లు గట్టిగా వాయించగానే ఆ వదులు బయటికొస్తుంది. బిగిస్తూ వచ్చి ఆపితే ఈ బెడద ఉండదు. ఇంత చిన్న అలవాటు నా గిటార్‌కు చేసినంత మేలు కొత్త కీలు చేయలేదు.

కీ తిప్పుతుంటే "టింగ్" మని వినిపించి ట్యూనర్ సూది ఒక్కసారిగా గెంతుతోందా? తీగ నట్ గాడిలో పట్టుకుంటోంది. తీగను వదులు చేసి పక్కకు తీసి, పదునైన పెన్సిల్ ములికిని గాడిలో నాలుగైదు సార్లు రాయండి. ఆ గ్రాఫైట్ పొడి తీగను జారనిస్తుంది. చాలా గిటార్లకు ఈ వైద్యంతో సరిపోతుంది.

తిప్పే ముందు ఒక పని చేయండి. మీటుతున్న తీగ వెంటే వేలు పోనిచ్చి, అది ఏ కీకి వెళ్తోందో చూసుకోండి. మూడో తీగ మీటుతూ పక్క కీ తిప్పితే సూది కదలదు. కదలడం లేదు కదా అని ఇంకా తిప్పుతాం. ఆ పక్క తీగ తెగిపోతుంది. తెగాక గానీ సంగతి తెలియదు. క్లిప్ ట్యూనర్లు చాలావరకు అక్షరమే చూపిస్తాయి, అది ఏ స్థాయిలోనో చెప్పవు. కాబట్టి చెవినీ వాడండి. ఆరో తీగను ఐదో ఫ్రెట్‌లో నొక్కితే ఐదో తీగ స్వరం పలకాలి. ఐదులో అలాగే నాలుగు, నాలుగులో మూడు. మూడో తీగకు మాత్రం నాలుగో ఫ్రెట్. రెండో తీగకు మళ్లీ ఐదో ఫ్రెట్.

ట్యూనర్ ప్రకారం ఆరూ సరిపోయాక, జి కార్డ్‌లో (కార్డ్ అంటే కలిపి మీటే స్వరాల గుంపు) ఏదో తీగ కొంచెం తేడాగా ఉందని దాన్ని సవరించడం మొదలుపెట్టకండి. దాన్ని సవరిస్తే ఇ కార్డ్ చెడుతుంది. గిటార్ ఫ్రెట్లు అన్ని శ్రుతులకూ రాజీపడి పెట్టినవి. ఏ కార్డూ నూటికి నూరుపాళ్లు శుద్ధంగా పలకదు.

ఒక తీగను విడిగా మీటితే శ్రుతిలో ఉండి, 12వ ఫ్రెట్‌లో నొక్కితే తప్పుతోందంటే తీగ ముసలిదైందని అర్థం. చెమట, మురికి ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పట్టి, ఫ్రెట్ల దెబ్బకు అడుగున నొక్కులు పడి, తీగ బరువు పొడవునా ఒకేలా ఉండదు. అలాంటి తీగను ఎంత తిప్పినా వృథా, మార్చేయండి. కొత్త తీగతోనూ తప్పుతుంటే లోపం ఎక్కువగా శాడిల్‌లో (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీలో) ఉంటుంది.

రోజూ ఒక నిమిషం

తీగలను చంపేది వాయించడం కాదు, చేతి చెమట. సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఉప్పుగాలి తోడు. వాయించే ముందు చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి. పకోడీలు తిన్న చేత్తో అసలు వద్దు. వాయించాక బనియన్ గుడ్డతో ఒక్కో తీగనూ చుట్టి పట్టుకుని నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తుడవండి. పైపైన తుడిస్తే లాభం లేదు, మురికి చేరేది అడుగునే. తర్వాత గుడ్డను తీగల కింద నుంచి దూర్చి ఫ్రెట్ బోర్డును ఒకసారి తుడవండి.

తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాసే ఇళ్లు చాలా చూశాను. రాయకండి. లావు తీగల చుట్ల మధ్య నూనె చేరి, దుమ్ము పట్టి, వారంలో శబ్దం మూగబోతుంది. నూనె ఫ్రెట్ బోర్డు చెక్కలోకీ ఇంకుతుంది. ఇనుప తాళాలకు కొట్టే స్ప్రేలూ ఇంతే. ఖర్చుకు వెనకాడకపోతే పూత వేసిన తీగలు దొరుకుతాయి. వెల రెట్టింపు దాటినా, చెమట చేతులవాళ్లకు అవే చివరికి చవక.

ఎన్నాళ్లకు మార్చాలంటే, రోజూ గంట వాయించేవాళ్లు రెండు మూడు నెలలకు. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల నెలన్నరకే నల్లబడతాయి. రంగు కన్నా వేలు నమ్మండి. తీగ అడుగున గోటితో రాసినప్పుడు ఫ్రెట్ల దగ్గర గతుకులు తగిలితే మార్చే రోజు వచ్చింది. మార్చిన తారీఖు ఖాళీ కవరు మీద రాసి గిటార్ సంచి జేబులో పెట్టుకోండి. లేకపోతే "మొన్ననేగా వేశాను" అనుకుంటూ ఆర్నెల్లు గడిచిపోతాయి.

తెగిన తీగ ఎక్కడ తెగిందో చూడకుండా పారేయవద్దు. ప్రతిసారీ శాడిల్ దగ్గరే తెగుతుంటే అక్కడ అంచు పదునెక్కింది. స్తంభం దగ్గర తెగుతుంటే రంధ్రం అంచు కోస్తోంది. సన్న ఎమరీ పేపరు మడిచి ఆ అంచును నాలుగుసార్లు రుద్దితే చాలు. ఎక్కడపడితే అక్కడ తెగుతుంటే తుప్పు.

ఎండ, వాన, ఏసీ

తీగ వేడెక్కితే సాగుతుంది, శ్రుతి దిగుతుంది. చల్లబడితే బిగుస్తుంది. బయటి నుంచి ఏసీ గదిలోకి తెచ్చిన గిటార్‌ను వెంటనే శ్రుతి చేస్తే పావుగంటలో మళ్లీ చేయాలి. సంచి తెరిచి పక్కన పెట్టి, ఒక టీ తాగి మొదలుపెట్టండి.

చెక్కకు వేడి కన్నా తేమతో పేచీ. గిటార్‌కు నప్పే తేమ 45 నుంచి 55 శాతం. వానాకాలంలో కోస్తాలో పైచెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, బ్రిడ్జ్ పైకి లేచి తీగలు ఎత్తవుతాయి, నొక్కడం కష్టమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో దీనికి తలకిందులు. చెక్క ఎండి కుంగుతుంది, తీగలు ఫ్రెట్లకు తగిలి బర్రుమంటాయి. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వానాకాలంలో సంచిలో పడేయండి, ఎండాకాలం రాగానే తీసేయండి. చెమ్మ దిగే గోడకు గిటార్ తగిలించవద్దు, ఎయిర్ కూలర్ ఎదుట పెట్టవద్దు, ఎండలో నిలబెట్టిన కారులో అసలు వదలవద్దు. చదువుకు అమెరికా వెళ్తూ గిటార్ పట్టుకెళ్లేవాళ్లు అక్కడి చలికాలం గురించి తెలుసుకోవాలి. హీటర్ గదిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. కేసులో పెట్టే చిన్న హ్యుమిడిఫయర్ కొనుక్కోండి.

రోజూ వాయించి పెట్టేసేటప్పుడు తీగలు వదులు చేయాలా? అక్కర్లేదు. మెడను, తీగల లాగుడును సరితూచి తయారుచేశారు. రోజూ వదులు చేసి బిగిస్తుంటే తీగలూ అలిసిపోతాయి, శ్రుతీ కుదురుకోదు. రెండు మూడు నెలలు ముట్టుకోనప్పుడు, విమానంలో పంపేటప్పుడు మాత్రం పూర్తి స్వరం దించండి. ఆ కాస్తతోనే బరువు ఐదో వంతు తగ్గుతుంది. మొత్తం వదిలేస్తే మెడ లోపలి ఇనుప కడ్డీ (ట్రస్ రాడ్) మెడను వెనక్కి వంచుతుంది.

నెలకోసారి చూడాల్సినవి రెండున్నాయి. ఒకటో ఫ్రెట్‌లోనూ 14వ ఫ్రెట్‌లోనూ ఆరో తీగను కలిపి నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు పట్టేంత ఉండాలి. అంతకన్నా చాలా ఎక్కువైతే మెడ ముందుకు వంగింది, సందే లేకపోతే మెడ పూర్తిగా తిన్నగా అయినా ఉంది, వెనక్కైనా వంగింది. ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకండి. గట్టిగా ఉంటే బలం ప్రయోగించకుండా రిపేరు తెలిసినవాళ్లకు ఇవ్వండి. రెండోది, బ్రిడ్జ్ వెనక అంచు కిందికి కాగితం దూర్చి చూడండి. కాగితం లోపలికి పోతోందంటే ఆ రోజే తీగలు వదులు చేసి షాపుకు తీసుకెళ్లండి.

ఇక కీల విషయం. నిజంగా కదులుతున్న కీ ఉంటే, హెడ్‌స్టాక్ ముందు వైపు స్తంభం చుట్టూ ఉన్న ఆరు పలకల నట్టును చూడండి. చాలా గిటార్లకు అది 10 మిల్లీమీటర్ల స్పానరుకు సరిపోతుంది. కాస్త బిగిస్తే చాలు, మొత్తం కీలు మార్చక్కర్లేదు. నా పాత కీలు ఆరూ ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి, ఒక్కటీ చెడిపోలేదు.